కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది.. స్క్రీన్ మాత్రం నల్లగా! గ్రాఫిక్స్ కార్డ్ మార్చే ముందు ఇవి చూస్కోండి

జంగారెడ్డిగూడెం: ముహూర్తాల సీజన్ వచ్చిందంటే ఫొటో స్టూడియోల్లో కంప్యూటర్లకు రెస్ట్ ఉండదు. పెళ్లి వీడియో ఎడియస్‌లో ఎక్స్‌పోర్ట్ అవుతుంటుంది. పక్కన ఫొటోషాప్‌లో ఆల్బమ్ పేజీలు తెరిచి ఉంటాయ్. సరిగ్గా అప్పుడే స్క్రీన్ టప్‌మని నల్లబడిపోతుంది. ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయ్, లైట్లు వెలుగుతూనే ఉంటాయ్. బొమ్మ మాత్రం రాదు. షాపుకి తీస్కెళ్తే చాలాచోట్ల వచ్చే మొదటి మాట ఒక్కటే.. 'కార్డ్ పోయిందండి, కొత్తది వెయ్యాలి.'

నిజంగా కార్డే పోయిందా? చాలాసార్లు కాదు. వేల రూపాయలు పెట్టి కొత్త కార్డ్ వేయించాక కూడా అదే బ్లాక్ స్క్రీన్ వస్తే అప్పుడు అసలు ఏడుపు మొదలవుతుంది. అందుకే ముందు అసలు దొంగ ఎవరో తేల్చుకోవాలి. అదెలాగో చూద్దాం.

స్క్రీన్ నల్లబడగానే పవర్ బటన్ నొక్కకండి

చాలామంది చేసే పని ఇదే. బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని ఆఫ్ చేసేస్తారు. అలా చేస్తే రాస్తున్న ఫైల్ సగంలో ఆగిపోయి పాడయ్యే ప్రమాదం ఉంది. ముందు కీబోర్డ్‌లో క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైట్ వెలిగి ఆరుతోందంటే లోపల విండోస్ బతికే ఉన్నట్టు. అప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బీ.. ఈ నాలుగూ కలిపి నొక్కండి. ఇది గ్రాఫిక్స్ డ్రైవర్‌ని మాత్రమే రీస్టార్ట్ చేస్తుంది. ఓ బీప్ వచ్చి బొమ్మ తిరిగొచ్చే చాన్స్ ఉంది. రాగానే మొదట చేయాల్సింది వర్క్ సేవ్ చేసుకోవడం. ఆ వెంటనే కస్టమర్ ఫుటేజ్ మొత్తం వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోవడం. కార్డ్ మళ్లీ కొనుక్కోవచ్చు, తాళి కట్టే షాట్ మళ్లీ తీయలేం కదా.

నలుపులో కూడా రకాలున్నాయ్

స్క్రీన్ నల్లబడినా పాట వినిపిస్తూనే ఉందా? అయితే డ్రైవర్, కేబుల్, మానిటర్.. ఈ మూడింటి మీద ముందు అనుమానం పెట్టుకోండి. స్క్రీన్ పోయి కార్డ్ ఫ్యాన్లు ఒక్కసారిగా ఫుల్ స్పీడ్‌లో గోల పెడుతున్నాయా? కార్డ్‌కి పవర్ సరిగ్గా అందకపోవడమో, వేడెక్కిపోవడమో, కార్డ్‌లోనే లోపమో అయ్యుండొచ్చు. మొత్తం డబ్బానే ఆఫ్ అయిపోయి దానంతటదే మళ్లీ ఆన్ అవుతోందా? అప్పుడు కార్డ్ కన్నా ముందు పవర్ సప్లై.. అదే మనం ఎస్‌ఎంపీఎస్ అంటాం కదా.. దాన్ని చూడాలి.

విండోస్ కూడా ఓ డైరీ రాసుకుంటుంది. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని కొట్టి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరవండి. స్క్రీన్ పోయిన టైమ్ దగ్గర చూడండి. 4101 నంబర్ ఉంటే డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం ఆపేసి మళ్లీ కోలుకుందని అర్థం. మామూలుగా విండోస్ గ్రాఫిక్స్ కార్డ్‌కి 2 సెకన్ల గడువిస్తుంది. ఆలోగా జవాబు రాకపోతే డ్రైవర్‌ని తనే రీసెట్ చేస్తుంది. ఆ రీసెట్ కూడా ఫెయిలైతే బ్లూ స్క్రీన్ వస్తుంది. కెర్నల్ పవర్ 41 అని కనిపిస్తే మాత్రం కంగారు పడొద్దు. కంప్యూటర్ పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాలేదని మాత్రమే దానర్థం. మీరే బటన్ నొక్కి ఆపినా అదే నంబర్ పడుతుంది.

పైసా ఖర్చు లేని చెక్

మానిటర్ కేబుల్ తీసి పెట్టండి, వీలైతే వేరే కేబుల్ వేసి చూడండి. నవ్వొచ్చే విషయమే కానీ, శుభ్రం చేశాక కేబుల్‌ని కార్డ్‌కి బదులు మదర్‌బోర్డ్‌కి పెట్టేసి 'డిస్‌ప్లే రావట్లేదు' అనేవాళ్లు బోలెడుమంది.

తర్వాత డ్రైవర్. సమస్య ఈమధ్య అప్‌డేట్ తర్వాతే మొదలైందా? డివైస్ మేనేజర్‌లో కార్డ్ ప్రాపర్టీస్‌కి వెళ్లి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. అది కుదరకపోతే పాత డ్రైవర్‌ని ఆనవాళ్లు లేకుండా తీసేయాలి. దీనికి డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత టూల్ ఉంది. వరస ముఖ్యం. ముందు కంపెనీ సైట్ నుంచి డ్రైవర్ దించుకోండి, నెట్ తీసేయండి, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి టూల్ రన్ చేయండి, రీస్టార్ట్ అయ్యాక దించుకున్న డ్రైవర్ వేయండి. నెట్ ఎందుకు తీసేయాలంటే, మధ్యలో విండోస్ అప్‌డేట్ దూరి తనకు నచ్చిన డ్రైవర్ ఎక్కించేస్తుంది.

డ్రైవర్ వల్ల ఇంత గొడవ అవుతుందా అంటే, అవుతుంది. 2020 సెప్టెంబరులో ఆర్‌టీఎక్స్ 3080 కార్డులు మార్కెట్‌లోకి రాగానే గేమ్‌లు మధ్యలో క్రాష్ అవుతున్నాయని ప్రపంచమంతా గోల చేసింది. ఎన్విడియా అదే నెలలో కొత్త డ్రైవర్ వదిలాక చాలామందికి సర్దుకుంది. 2025 మొదట్లో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ వచ్చినప్పుడు సరిగ్గా ఈ బ్లాక్ స్క్రీన్ సమస్యే వచ్చింది. దానికీ కంపెనీ హాట్‌ఫిక్స్ డ్రైవర్లు ఇవ్వాల్సి వచ్చింది.

మన ఊళ్లో అసలు విలన్.. కరెంటు

గాలివాన వస్తే కరెంటు పోయి రావడం మనకి కొత్తేం కాదు. జంగారెడ్డిగూడెం లాంటి ఊళ్లో, ఆపైన ఏజెన్సీ వైపు పల్లెల్లో ఈ కోణం వదిలేసి కార్డ్‌ని తిట్టడంలో అర్థం లేదు.

లెక్క చూడండి. మదర్‌బోర్డ్ స్లాట్ నుంచి కార్డ్‌కి గరిష్ఠంగా 75 వాట్లు వస్తాయి. 8 పిన్ కేబుల్ మరో 150 వాట్లు ఇస్తుంది. ఆర్‌టీఎక్స్ 3060 కార్డ్ 170 వాట్లు తాగుతుంది, దానికి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ ఉండాలని ఎన్విడియానే చెప్తోంది. డబ్బాతో పాటు వచ్చిన చవక ఎస్‌ఎంపీఎస్ మీద ఎన్ని వాట్లని స్టిక్కర్ ఉన్నా, నిజంగా అంత ఇస్తుందన్న గ్యారంటీ లేదు. ఎక్స్‌పోర్ట్ మొదలై లోడ్ ఒక్కసారిగా పెరిగినప్పుడు అది చేతులెత్తేస్తుంది. బ్రౌజింగ్‌లో అంతా బాగుండి, ఎక్స్‌పోర్ట్‌లోనో గేమ్‌లోనో మాత్రమే పోతుంటే ఈ అనుమానం బలపడుతుంది.

యూపీఎస్ సంగతీ ఇంతే. మనకి షాపుల్లో ఎక్కువగా అంటగట్టే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. మామూలు ఆఫీస్ కంప్యూటర్‌కి చాలు. గ్రాఫిక్స్ కార్డ్, ప్రాసెసర్ రెండూ ఫుల్ లోడ్‌లో ఉండగా కరెంటు పోతే అది నిలబడలేదు. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు ఇంకోటి గమనించాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే కొన్ని కొత్త ఎస్‌ఎంపీఎస్‌లకి అది పడదు, మారగానే ఆఫ్ అయిపోతాయ్. ప్యూర్ సైన్ వేవ్‌ది, అదీ యూపీఎస్ మోడ్‌లో పెట్టుకుంటే మేలు.

ఇనప క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా చురుక్కుమంటోందా? ప్లగ్‌లో ఎర్త్ లేదన్నమాట. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. ఇది కంప్యూటర్ కోసమే కాదు, మీ కోసం కూడా.

వేడి, దుమ్ము

మే నెల ఎండల్లో ఏసీ లేని గదిలో, గోడకి ఆనించి టేబుల్ కింద తోసేసిన డబ్బా లోపల ఎలా ఉంటుందో ఊహించుకోండి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌కి వెళ్తే కార్డ్ టెంపరేచర్ కనిపిస్తుంది. ఫుల్ లోడ్‌లో 80 డిగ్రీల దాకా భయం లేదు. 90 దాటుతుంటే ఆలోచించాలి. క్యాబినెట్ పక్క డోర్ తీసేసి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి అదే ఎక్స్‌పోర్ట్ చేయండి. ఇప్పుడు క్రాష్ కాకుండా నడిస్తే దొంగ దొరికినట్టే. బ్లోయర్‌తో దుమ్ము కొట్టేటప్పుడు కార్డ్ ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి. గాలికి అడ్డగోలుగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

వానాకాలం తేమకి కార్డ్ అడుగున బంగారు రంగు పళ్ల మీద పొర కడుతుంది. ప్లగ్ తీసేసి, కార్డ్ బయటికి లాగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, క్లిక్ అనేదాకా గట్టిగా కూర్చోబెట్టండి. ఈ ఒక్క పనితో బాగైన కార్డులు తక్కువేం కాదు.

నింద కార్డ్‌ది, తప్పు ప్రాసెసర్‌ది

ఇది అందరూ తెలుసుకోవాల్సిన ముచ్చట. ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్లున్న కొన్ని కంప్యూటర్లలో గేమ్ తెరవగానే వీడియో మెమరీ అయిపోయిందని ఎర్రర్ వచ్చేది. అందరూ గ్రాఫిక్స్ కార్డ్‌ని అనుమానించారు. తీరా చూస్తే ఎక్కువ వోల్టేజ్ వల్ల ప్రాసెసరే దెబ్బతింటోందని 2024లో తేలింది. ఆ ఏడాది ఆగస్టు నుంచి ఇంటెల్ మైక్రోకోడ్ అప్‌డేట్‌లు ఇచ్చింది, ఆ ప్రాసెసర్లకు వారంటీ మరో రెండేళ్లు పెంచింది. మీది ఐ7, ఐ9 రకాల్లో ఆ తరమైతే బయోస్ అప్‌డేట్ చేయించారో లేదో చూస్కోండి. అయితే ఇప్పటికే దెబ్బతిన్న చిప్‌ని అప్‌డేట్ బాగుచేయదు. ర్యామ్‌ని కూడా మెమ్‌టెస్ట్‌తో ఓ రాత్రంతా పరీక్షించడం మంచిది.

ఆఖరి తీర్పు ఎలా?

మీ కార్డ్‌ని మంచి ఎస్‌ఎంపీఎస్ ఉన్న స్నేహితుడి కంప్యూటర్‌లో పెట్టి ఓ గంట లోడ్ ఇవ్వండి. అక్కడా నల్లబడితే కార్డ్‌దే తప్పు. అక్కడ బాగుంటే మీ దగ్గరే ఏదో ఉంది. కార్డ్ తీసేసి మదర్‌బోర్డ్ డిస్‌ప్లే మీద నడిపి 'బాగుంది కాబట్టి కార్డే పోయింది' అనే మెకానిక్ మాట మాత్రం పూర్తిగా నమ్మొద్దు. కార్డ్ తీసేస్తే ఎస్‌ఎంపీఎస్ మీద బరువు కూడా తగ్గుతుంది కదా. పైగా ఇంటెల్ పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో మదర్‌బోర్డ్ నుంచి డిస్‌ప్లే అసలు రాదు.

హీట్ గన్‌తో వేడి చేసి 'బాగుచేశాం' అంటే అది ఎక్కువ రోజులు నిలవదు. డబ్బు దండగ. వారంటీ ఉంటే ఆ పని అస్సలు చేయించొద్దు. చాలా బ్రాండ్లు మూడేళ్లు ఇస్తాయి. బిల్లు, సీరియల్ నంబర్ స్టిక్కర్ రెండూ ఫొటో తీసి పెట్టుకోండి. వారంటీలో ఉండీ తిప్పించుకుంటుంటే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. ఇక సెకండ్ హ్యాండ్ కార్డ్ కొంటుంటే, 2022 సెప్టెంబరులో ఇథీరియమ్ మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు నడిచిన కార్డులు మార్కెట్‌లోకి బోలెడు వచ్చాయ్. డబ్బులిచ్చే ముందు అరగంట ఫుల్ లోడ్‌లో నడిపి చూపించమని అడగండి. చూపించనంటే వేరే షాపు చూస్కోండి.