చదువుకొన్న సోదరీమణుల ఋణము

కళాశాల బాలికలు కూడి సంఘము పెట్టుకొనిరన్న వార్త వినినంతనే పెదవి విఱుచు పెద్దలు మనలో నేటికిని గలరు. విందులకును వేడుకలకును మించి అందేమి జరుగునని వారి ప్రశ్న. అట్టివారి కొఱకు అమెరికాలోని నల్లజాతి విద్యావతుల సంఘ చరిత్ర నొకదానిని విన్నవించుచున్నాము.

వాషింగ్టను నగరమందలి హోవర్డు విశ్వవిద్యాలయము 1867లో, బానిసత్వము రద్దయి రెండేండ్లు నిండకమునుపే, వెలసినది. గ్రీకు అక్షరములతో పేర్లు పెట్టుకొని విద్యార్థులు సంఘములుగా నేర్పడుట ఆ దేశపు కళాశాలల యాచారము. 1908 జనవరి 15వ తేదీన ఎథెల్ హెడ్జ్‌మన్ అను విద్యార్థిని పూనికతో అచ్చట 'ఆల్ఫా కప్పా ఆల్ఫా' సంఘము స్థాపితమయ్యెను. నల్లజాతి విద్యార్థినులు నెలకొల్పుకొన్న ఇట్టి సోదరీ సంఘములలో నిదియే మొదటిది. కళాశాల విడిచిన పిమ్మటను బంధము తెగకుండుటకై 1913లో దానిని రిజిస్టరు చేయించిరి.

ఆ బంధము దేనికి వినియోగపడినదో 1935లో లోకమునకు తెలిసినది. ఆ వేసవిలో డాక్టరు డొరతీ ఫెరిబీ నాయకత్వమున ఈ సోదరీమణులు మిసిసిపీ రాష్ట్రపు పత్తి తోటలకు బయలుదేఱిరి. అచ్చట పాలుకు సేద్యము చేయు నల్లవారి బిడ్డలకు మశూచికము, డిఫ్తీరియా సోకకుండ టీకాలు వేయవలెనని వారి సంకల్పము. భూస్వాములు తమ సేద్యగాండ్రను వైద్యశిబిరములకు పోనీయరైరి. పొరుగూరి స్త్రీలు కూలీలకేమి నూరిపోయుదురో యని వారి శంక. అంతట నా స్త్రీలు మందులను మోటారుకార్ల కెక్కించుకొని తోటలయొద్దకే పోయిరి. తోటల పర్యవేక్షకులు గుఱ్ఱములపై వచ్చి, వీరాడు ప్రతి మాటకును చెవియొగ్గి కావలి కాచిరి. అయినను రెండవ ప్రపంచయుద్ధ మడ్డువచ్చువఱకు ఏటేట వేసవిలో ఈ సేవ సాగినది. వేలకొలది బిడ్డలకు టీకాలు పడినవి.

టీకాతోనే సర్వము చక్కబడెనని మేము చెప్పము. చాలని తిండియు, తీఱని అప్పును వైద్యునిచేత నయమగునవి కావు. కాని ఆ స్త్రీలు తమ చదువును తమవారికి చెల్లింపవలసిన ఋణముగా నెంచిరి. భూవసతి గల మన పాఠకుల కుమార్తెలును నేడు పట్టణములలో వైద్యము, న్యాయశాస్త్రము చదువుచున్నారు. సెలవులకు వచ్చిన బిడ్డ కూలివాడకు పోయి నాలుగు మంచిమాటలు చెప్పబూనినచో, మనము దారి యిచ్చు తండ్రులమగుదుమా, గుఱ్ఱమెక్కి కావలి కాయుదుమా? దీనికి ప్రతి గృహస్థుడును తన యింటనే బదులు చెప్పుకొనవలసియున్నది.