ఒక ట్రాక్టరునకు రెండు ట్రక్కులు

చెరకు నరకు కాలమున ఒక ట్రాక్టరు రెండు ట్రక్కులను గట్టుకొని ఫ్యాక్టరీకి పోవుట మనము చూచుచున్నదే. ఒక డ్రైవరుతో, ఒక ఇంజనుతో రెండింతల సరకు చేరును గావున ఖర్చు కలిసివచ్చునని రైతు తలంపు. ఆ తలంపును నేను తప్పుపట్టను. కాని లాగగలిగినదంతయు ఆపగలమని నమ్ముటయే ప్రమాదమునకు మూలము. ఈ పూట ఆ సంగతియే మనవి చేసెదను.

కొన్నియేండ్ల క్రిందట మా యూరి కాలువ వంతెన దిగుడున ఇట్టి బండి యొకటి వచ్చుచుండగా చూచితిని. డీసెలు మిగులునని కాబోలు, డ్రైవరు గేరు తీసివేసెను. వేగము హెచ్చగానే బ్రేకు త్రొక్కెను. ట్రాక్టరు చక్రములు నిలిచినవి గాని వెనుక బరువు నిలువలేదు. రెండవ ట్రక్కు మొదటిదానిని, మొదటిది ట్రాక్టరును నెట్టగా బండియంతయు మడతకత్తివలె ముడుచుకొని గట్టుమీదికి ఒరిగిపోయెను. బడిపిల్లలు ఆ గట్టు దాటిపోయి అరగడియయైన కాలేదు. దైవకృపచే ఎవరికిని ప్రాణహాని కలుగలేదు. నాటినుండి ఈ విషయమును తెలిసినవారి నడిగి నేర్చుకొంటిని.

ఒక చిన్న లెక్క చూడుడు. ట్రాక్టరు బరువు 2 టన్నులు, చెరకుతో గూడిన ఒక్కొక్క ట్రక్కు 6 టన్నులు అనుకొందము. అనగా 2 టన్నుల బండి వెనుక 12 టన్నులు! 20 అడుగులకు 1 అడుగు పల్లమున్న దిగుడున ఆ 12 టన్నులు ముందునకు త్రోయు బలము 600 కిలోలకు సమానము. మన ట్రక్కులలో ననేకములకు బ్రేకులు లేవు. సామాన్యముగా ట్రాక్టరు బ్రేకులు దాని వెనుక చక్రములకే యుండును. భారమంతయు ఆ రెండు చక్రముల పట్టుమీదనే పడును. పైగా వేగము రెండింతలైన, ఆపవలసిన శక్తి నాలుగింతలగును. గంటకు 10 కిలోమీటర్లతో దిగుటకును, 20 కిలోమీటర్లతో దిగుటకును గల తారతమ్యమిది. కావున దిగుడు రాకమునుపే చిన్న గేరు వేయవలెను. నడుమ క్లచ్చు త్రొక్కరాదు, గేరు తీయనేరాదు. దుక్కిలో విడివిడిగా వాడు రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కినప్పుడు ఒకటిగా బిగింపవలెను. రెండు ట్రక్కులను గట్టదలచినవారు బ్రేకులుగల ట్రక్కులనే కొనుట ఉత్తమము.

రెండవది బరువుల క్రమము. ఎక్కువ బరువుగలది ముందు, తక్కువది వెనుక నుండవలెను. డ్రైవరు చక్రమును కొంచెము త్రిప్పినను, ఆ ఊపు వెనుకకు పోయినకొలది పెరిగి కడపటి ట్రక్కున మిక్కుటమగును. అది బరువైనదైనచో మొత్తము బండినే త్రోవ తప్పించును. రెండు చక్రముల ట్రక్కయినచో సరకు ఇరుసునకు కొంచెము ముందునకు ఒరిగి యుండవలెను. వెనుక బరువు హెచ్చిన నొగ పైకి లేచి ట్రక్కు ఊగులాడును.

మూడవది కొక్కెము. ట్రక్కును ట్రాక్టరు ఇరుసునకు దిగువనున్న కొక్కెమునకే తగిలింపవలెను. ఇరుసునకు పైన గట్టిన, ఎగుడున ముందు చక్రములు లేచి ట్రాక్టరు వెనుకకు తిరుగబడగలదు. కొక్కెపు మేకునకు చీల తప్పక యుండవలెను. మేకు విరిగినను ట్రక్కు విడిపోకుండ, రెండు కూడళ్లయందును బలమైన గొలుసులు వేయవలెను. నొగలమీద మనుష్యులను కూర్చుండనీయరాదు.

మలుపులందు వెనుక ట్రక్కు ముందుదాని జాడను పోక లోపలికి కోసికొని వచ్చును. కావున వెడల్పుగా తిరుగవలెను. మలుపు లోపలి ప్రక్కన ఎవరు నిలిచిరో చూడవలెను. రెండు ట్రక్కులతో వెనుకకు నడుపుట మిక్కిలి కష్టము. తిరుగుటకు చోటులేని సందులోనికి పోనేరాదు. చెరకు గడలు వెనుక దీపములను కప్పకుండ చూడవలెను. కడపటి ట్రక్కు వెనుక ఎఱ్ఱని మెఱుపుబిళ్లలు లేనిచో, చీకటిలో వచ్చు సైకిలువాడు దానిని చూడనే చూడడు.

ట్రాక్టరునకువలెనే ట్రక్కునకును రిజిస్ట్రేషను అవసరము. రెండవదానిని గట్టుటకు ముందు అనుమతి విషయమును రవాణా కార్యాలయమునను, బీమా సంగతిని బీమా కార్యాలయమునను విచారింపుడు.

పెద్దలారా! డ్రైవరు కుఱ్ఱవాడు; ఫ్యాక్టరీలో వంతు తప్పునని తొందరపడును. చక్రము పట్టువాడు అతడైనను, తొలి ట్రక్కుతో పొమ్మనుటయు, రెండవదానిని గట్టుమనుటయు మన నోటి మాటయే. దారిలో కాలువ దిగుడున్నచో, ట్రక్కులకు బ్రేకులు లేనిచో, రెండవదానిని విప్పి మరల రమ్మని చెప్పుడు. ఒక తిరుగుడు డీసెలు పోయినను రాబట్టుకొనవచ్చును. గట్టుమీద నడచు బిడ్డను రాబట్టుకొనలేము గదా.