పట్టాల బండి ప్రతి ఊరికీ పనికివస్తుందా?

కల్లూరు నుంచి హంద్రీ వంతెన దాటి కర్నూలులోకి వెళ్లేటప్పుడు మీరు ఒక సంగతి గమనించే ఉంటారు. మోటారు సైకిలు మీద ఒకరో ఇద్దరో. కారులో చాలాసార్లు ఒక్కరే! అయినా రోడ్డు నిండిపోతుంది. మరి హైదరాబాదులో మాదిరి ఇక్కడా మెట్రో రైలు వేస్తే బాగుండదా? లెక్క వేసి చూద్దాం.

ఒకే వరుసలో వెళ్లే కార్లు, ఆటంకమేమీ లేకపోతే, గంటకు దాదాపు 2000 దాటగలవు. కారుకు ఇద్దరు చొప్పున 4000 మంది. హైదరాబాదు మెట్రో రైలుకు మూడు పెట్టెలు. కిక్కిరిస్తే సుమారు వెయ్యి మంది పడతారు. అయిదు నిమిషాలకొకటి చొప్పున గంటకు 12 రైళ్లు. అనగా 12,000 మంది! మూడు వరుసల కార్లు చేసే పని ఒక్క పట్టాల జత చేస్తుందన్నమాట.

శక్తి ఖర్చు కూడా తక్కువే. ఎందుచేత? రబ్బరు టైరు దొర్లేటప్పుడు బరువుకు నొక్కుకుపోయి మళ్లీ లేస్తుంటుంది. అందులో కొంత శక్తి వేడిగా మారిపోతుంది. ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం అంతగా నొక్కుకుపోదు. కనుక దొర్లుడు ఘర్షణ చాలా తక్కువ. పైగా బ్రేకు వేసినప్పుడు రైలు మోటార్లే జనరేటర్లుగా పనిచేసి, కొంత విద్యుత్తును తిరిగి తీగలోకి పంపుతాయి.

హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికి మూడు మార్గాలు కలిపి సుమారు 69 కి.మీ. అయింది. కర్నూలు బస్సులు చేరే మహాత్మాగాంధీ బస్ స్టేషను పక్కనే రెండు మార్గాలు కలుస్తాయి. ఇంత మేలున్నప్పుడు ఆ నగరంలో అందరూ రైలే ఎక్కాలి కదా! ఎక్కరు. కారణం చూడండి.

15 కి.మీ. దూరం వెళ్లాలనుకోండి. ఆగుతూ సాగుతూ గంటకు 30 కి.మీ. చొప్పున రైలు 30 నిమిషాల్లో చేరుస్తుంది. రద్దీలో మోటారు సైకిలు 20 కి.మీ. చొప్పున 45 నిమిషాలు తీసుకుంటుంది. రైలే గెలిచిందా? తొందరపడకండి! ఇంటి నుంచి స్టేషనుకు పది నిమిషాలు, దిగాక మరో పది, రైలు కోసం అయిదు కలపండి. మొత్తం 55! ఆ నడక అయిదేసి నిమిషాలే అయితే రెండూ సమానం. అంటే రైలు గెలుపోటములు పట్టాల మీద కాదు, స్టేషను బయట తేలుతాయి. నీడనిచ్చే కాలిబాట, వేళకు వచ్చే చిన్న బస్సు లేకపోతే, బండి ఉన్నవారు బండే తీస్తారు. అది లేని విద్యార్థులకూ వృద్ధులకూ మాత్రం తిప్పలు తప్పవు.

మరి మన కర్నూలు? 2011 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా అయిదు లక్షల లోపే. రెండు నిమిషాలకొక బస్సు, బస్సుకు 50 మంది చొప్పున నడిపితే గంటకు 1500 మంది వంతెన దాటవచ్చు. స్తంభాలు లేపనక్కరలేదు, దారి మార్చాలన్నా తేలికే.

ఇక మీ వంతు. బడి వేళకు ముందు ఒక పావుగంట, పెద్దల తోడుతో, వంతెన దగ్గర కాలిబాట మీద నిలబడండి. ఒకే వైపు వెళ్లే మనుషులను లెక్కపెట్టండి. వాహనాలను కాదు సుమా! వచ్చిన అంకెను నాలుగుతో గుణించండి. అది 1500 దరిదాపుల్లో ఉంటే మంచి బస్సులు చాలు. 12,000కు చేరువైతే, రైలు సంగతి ఆలోచించవలసిందే.