తొక్కితే పాట తిరిగే పెట్టె

మీది ఐరాలో, కాణిపాకమో, ఆ పక్క పల్లెయో అనుకుందాం. వినాయక చవితి పందిట్లో పాడమని మిమ్మల్ని అడిగారు. గొంతు ఉంది, పాటా వచ్చు. కాని శ్రుతి వేసేవారు లేరు, తాళం వేసేవారు లేరు. భజన బృందమైతే ఒకరు హార్మోనియం ముందు కూర్చుంటారు, ఒకరు డోలక్ పట్టుకుంటారు, నలుగురు తాళాలు వేస్తారు. ఒంటరిగా పాడేవారి గతి ఏమిటి?

ఇటువంటివారికోసమే లూపర్ అనే చిన్న పెట్టె ఉంది. లూప్ పెడల్ అని కూడా అంటారు. మీరు వాయించిన ముక్కను అది అప్పటికప్పుడే పట్టుకొని, ఆపమనేదాకా మళ్లీ మళ్లీ వినిపిస్తూ ఉంటుంది. దానిమీద రెండో వరుస చేర్చవచ్చు, ఆపైన మూడోది. కాలితో తొక్కి నడుపుతారు గనుక చేతులు ఖాళీగా ఉంటాయి. (వీణ వాయించేవారు మాత్రం మఠం వేసుకొని కూర్చుంటారు. రెండు చేతులకూ పని ఉంటుంది. పెట్టె నొక్కడానికి వారికి ఇంకొకరు కావలసిందే!)

ఇది కొన్ని వేల రూపాయల వస్తువు. పాల డబ్బులో మిగిల్చి అమ్మ ఇచ్చిన సొమ్ముతో కొనేవారు, అది ఎలా పనిచేస్తుందో తెలుసుకొని మరీ అంగడి మెట్లెక్కాలి.

ఒకే శబ్దాన్ని తిప్పడం అనే ఆలోచన పాతదే. 1948లో పారిస్ నగరంలో పియేర్ షఫేర్ అనే ఆయన, గ్రామఫోను రికార్డులో గాడిని చుట్టూ మూసేసి, ముల్లు అదే గాడిలో తిరిగేలా చేశాడు. తర్వాత టేపు ముక్క రెండు కొసలూ అతికించి తిప్పారు. మన సంగీతానికి కావలసిన ఎడతెగని శ్రుతికోసం 1979లో బెంగుళూరులో జి. రాజ్ నారాయణ్ ఎలక్ట్రానిక్ తంబూరాను తయారుచేశారు. కాలితో తొక్కే పెట్టెల్లో బాస్ సంస్థ 2001లో తెచ్చిన ఆర్.సి.-20 పేరు పొందింది. టి.సి. ఎలక్ట్రానిక్ సంస్థ 2013లో తెచ్చిన డిట్టోకు ఉన్నది ఒక్కటే మీట.

ఇప్పుడు పెట్టె లోపలికి తొంగి చూద్దాం. తీగె కంపనం విద్యుత్ సంకేతంగా మారి లోపలికి వస్తుంది. ఆ సంకేతం ఎత్తును పెట్టె సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతిసారీ ఒక అంకె వేస్తుంది. అన్నిసార్లు ఎందుకు? మన చెవి దాదాపు 20,000 హెర్ట్జ్‌ల వరకు వినగలదు. ఒక కంపనాన్ని పట్టుకోవాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కంటె ఎక్కువసార్లు కొలవాలి. అదీ లెక్క. ఒక్కొక్క అంకెకు రెండు బైట్లు అనుకుంటే సెకనుకు 88,200 బైట్లు.

ఆది తాళానికి 8 అక్షరాలు. అక్షరానికి ఒక సెకను చొప్పున వేస్తే ఒక ఆవర్తనం 8 సెకన్లు. 5 నిమిషాలు పట్టే పెట్టెలో ఇలాంటివి 37 ఆవర్తనాలు ఇముడుతాయి. మీకు కావలసింది ఒకటో రెండో! కనుక గంటల కొద్దీ పడుతుందని అంగడివాడు చెప్పే మాటకు ఎక్కువ ధర పెట్టకండి.

వరుసమీద వరుస చేర్చడమంటే అంకెకు అంకె కలపడమే. రెండు బైట్లలో ఇమిడే పెద్ద అంకె 32,767. మొదటి వరుసలో ఒకచోట 20,000, రెండో వరుసలో అక్కడే 20,000 ఉంటే మొత్తం 40,000. అది అందులో పట్టదు. తరంగం కొస తెగిపోయి, పాట బరబరమంటుంది. పెట్టె చెడిపోయిందని కంగారు పడనక్కర లేదు. ప్రతి వరుసనూ కాస్త మెల్లగా వాయిస్తే చాలు.

అసలు చిక్కు కాలుతో వస్తుంది. ఆవర్తనం 8 సెకన్లకు ముగియాలి. మీరు సెకనులో ఇరవయ్యో వంతు, అంటే 0.05 సెకను ఆలస్యంగా తొక్కారు. ఇక పెట్టె ఆవర్తనం 8.05 సెకన్లు. మీ తప్పును అది సరిదిద్దదు, నమ్మకంగా తిప్పుతుంది! పక్కన మృదంగం సరిగ్గా నడుస్తూ ఉంటే పది ఆవర్తనాలకు తేడా అర సెకను. అంటే సగం అక్షరం. అందరి ముందూ పాట కుంటుతుంది.

ఈ తప్పు మీది కాకపోవచ్చు కూడా. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. లౌడుస్పీకరు 34 మీటర్ల దూరాన ఉంటే, మీకు వినిపించేటప్పటికే సెకనులో పదోవంతు దాటిపోతుంది. దాన్ని విని తొక్కితే ఆలస్యం తప్పదు. అందుకే చిన్న స్పీకరు ఒకటి మీ పక్కనే పెట్టుకోవాలి.

తొక్కడంలో తప్పును తనంతట తానే సవరించే పెట్టెలు ఉన్నాయి. వాటిలో లయ వాద్యం కూడా ఉంటుంది, ధరా ఎక్కువే. కాని కొన్నింటికి నాలుగు దెబ్బల లెక్క తప్ప మరొకటి తెలియదు. 7 అక్షరాల మిశ్రచాపును తెచ్చి వాటి ముందు పెడితే ఏం చేస్తాయి? తొక్కినప్పుడు మొదలై తొక్కినప్పుడు ముగిసే ఒంటి మీట పెట్టెకు ఏడైనా ఒకటే, అయిదైనా ఒకటే. మన సంగీతం పాడేవారికి చవకరకమే నయమని నా అభిప్రాయం. దానికీ లోపం లేకపోలేదు: ఆపాలంటే చాలావాటిలో మీటను గబగబా రెండుసార్లు తొక్కాలి. పాట చివర సరిగ్గా సమంమీద ఆపడానికి చాలా సాధన కావాలి.

ఇక పాడేవారు మరవరాని సంగతి ఒకటుంది. ఈ పెట్టెలు ఎక్కువగా గిటారుకోసం చేసినవి. మైకునుంచి వచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులే. దాన్ని నేరుగా తగిలిస్తే పాట సన్నగా, గుర్రుమనే రొద లావుగా వినిపిస్తాయి. మధ్యలో చిన్న మిక్సరు ఉండాలి, లేదా మైకు తగిలించే ఏర్పాటున్న పెట్టెనే కొనాలి. ఆ ఖర్చూ ముందే లెక్కలో వేసుకోండి.

అడాప్టరు కూడా చూసి తీసుకోండి. ఎక్కువ పెట్టెలకు 9 వోల్టులు కావాలి. ప్లగ్గు లోపలి భాగం రుణధ్రువం, బయటిది ధనధ్రువం. ఇళ్లలో ఉండే చాలా అడాప్టర్లకు ఇది తలకిందులు. ఆ గుర్తు అడాప్టరు మీదే అచ్చువేసి ఉంటుంది. కరెంటు పోతే పట్టిన పాట నిలుస్తుందా, చెరిగిపోతుందా అన్నదీ అడిగి తెలుసుకోండి.

కొనేముందు ఫోనులో ఇలాంటి పనిచేసే ఉచిత ఆప్‌తో వారం రోజులు సాధన చేయవచ్చు. అయితే తీగె ఉన్న ఇయర్‌ఫోనే వాడాలి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా వస్తుంది. అంగట్లో మటుకు ఒక పరీక్ష చేయండి. ఏమీ వాయించకుండా పది సెకన్లు పట్టి, దానిమీద మరో అయిదుసార్లు మౌనాన్నే చేర్చి, హెడ్‌ఫోనులో వినండి. మంచి పెట్టెలో దాదాపు ఏమీ వినిపించదు. నాసిరకమైతే కందిరీగల తుట్టె కదిలినట్టుంటుంది.