పాట నుండి పాత్రకు

మన పద్యనాటకాలలో నటుడు ఒక పద్యాన్ని రాగం తీసి పాడితే ప్రేక్షకులు ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసేవారు. నటుడు కథను కాసేపు పక్కనబెట్టి మళ్ళీ పాడేవాడు. చనిపోయిన పాత్ర సైతం లేచి నిలబడి పద్యం పాడి, తిరిగి పడుకునేదని పెద్దలు చెప్పుకొని నవ్వుకుంటారు. పాశ్చాత్య దేశాలలో పెరిగి ప్రపంచమంతటా వ్యాపించిన ‘మ్యూజికల్’ అనే సంగీత నాటకంలో ఇలా కుదరదు. అక్కడ కథ నడిచేదే పాటతో. పాట ఆగితే కథ ఆగిపోతుంది. పాడుతున్నది ఫలానా గాయని అన్న సంగతి మరచిపోయి, ఆ పాత్రే తన బాధ చెప్పుకుంటున్నదని ప్రేక్షకుడు నమ్మాలి.

అప్పటికే పేరు పొందిన గాయనికి ఇది సులభమైన పని కాదు. జనం ఆమెను చూడడానికే వస్తారు. ఆమె మాత్రం తాను కనబడకుండా పాత్రను కనబడనివ్వాలి. ఈ కష్టమైన దారిలో నడిచిన ఒక జపాను గాయనిని గురించి తెలుసుకుందాం. ఆమె పేరు హోండా మినాకో.

మనకు వలెనే జపానువారికి కూడా ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత వస్తాయి. అయితే ‘హోండా’ ఆమె రంగస్థల నామంలోని ఇంటిపేరు. అసలు ఇంటిపేరు కుదో. ఆమె 1967 జులై 31న జన్మించింది. టోక్యో నగరానికి ఆనుకొని ఉన్న సైతామా రాష్ట్రంలోని అసాకా అనే ఊరిలో పెరిగింది. తల్లికి ఒకప్పుడు గాయని కావాలనే కోరిక ఉండేది. ఆ కోరిక కూతురికి సంక్రమించింది.

1980 దశకంలో జపానులో ‘ఐడల్’ అనే గాయనీగాయకుల కాలం జోరుగా సాగుతుండేది. ఐడల్ అంటే ఆరాధ్యమూర్తి. పదిహేను, పదహారేళ్ళ బాలబాలికలను సంగీత సంస్థలు ఎంపిక చేసేవి. వారు పాడవలసిన పాటలు, కట్టుకోవలసిన బట్టలు, టెలివిజన్‌లో నవ్వవలసిన తీరు, అన్నీ ఆ సంస్థలే నిర్ణయించేవి. వారిలో చాలామందిని జనం రెండు మూడేళ్ళలో మరచిపోయేవారు. మినాకో మొదటి పాట 1985 ఏప్రిల్‌లో విడుదలయింది. ఆ ఏడాది డిసెంబరులోనే టోక్యోలోని బుడోకాన్ అనే పెద్ద ప్రదర్శనశాలలో ఆమె కచేరీ జరిగింది. అప్పటికి ఆమె వయస్సు పద్దెనిమిదేళ్ళు. మరుసటి ఏడాది వచ్చిన ‘1986 నాటి మెరిలిన్’ అన్న పాట ఆమెను ఇంటింటికీ తెలిసిన మనిషిని చేసింది. కానీ ఆ పాట పేరు చెబితే ఎక్కువమందికి గుర్తుకు వచ్చేవి ఆమె దుస్తులు, ఆమె నృత్యం. గొంతు సంగతి ఆ తరువాతే.

తనను ఐడల్ అని పిలవడం ఆమెకు నచ్చేది కాదు. తాను కళాకారిణి ననిపించుకోవాలని ఆమె పట్టుదల. 1987లో ఇంగ్లండులోని ‘క్వీన్’ అనే ప్రసిద్ధ బృందానికి చెందిన బ్రయన్ మే ఆమె కోసం పాట తయారు చేశాడు. 1988లో ఆమె ఆడపిల్లలతోనే ఒక రాక్ సంగీత బృందాన్ని ఏర్పాటు చేసుకొంది. అది ఎంతోకాలం నిలవలేదు. ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి పాత అభిమానులు తగ్గారు, కొత్తవారు పెద్దగా చేరలేదు. నా ఉద్దేశంలో ఆమె జీవితంలో ముఖ్యమైన ఘట్టం ఇదే. పేరు లేనివాడు పరీక్షకు నిలబడడం వేరు, పేరున్నవాడు తిరిగి పరీక్షకు నిలబడడం వేరు.

ఆ సమయంలో ‘మిస్ సైగాన్’ అనే సంగీత నాటకాన్ని టోక్యోలో ప్రదర్శించడానికి నటీనటులను వెదుకుతున్నారు. ఈ నాటకం ప్రయాణం చిత్రమైనది. దీని మూలకథ ఇటలీ స్వరకర్త పుచ్చీని 1904లో ప్రదర్శింపజేసిన ‘మదామా బటర్‌ఫ్లై’లో ఉంది. జపానులోని నాగసాకి నగరంలో ఒక అమెరికా నావికాధికారిని నమ్మి మోసపోయిన యువతి కథ అది. ఫ్రాన్సు దేశపు రచయిత బూబ్లిల్, స్వరకర్త షోన్‌బెర్గ్ ఆ కథను వియత్నాం యుద్ధకాలానికి మార్చారు. 1989లో లండన్‌లో ఆంగ్లంలో ప్రదర్శించారు. అలా జపానులో మొదలైన కథ ఇటలీ, వియత్నాం, ఇంగ్లండు చుట్టి తిరిగి జపానుకే వచ్చింది.

ఇందులో కథానాయిక పేరు కిమ్. పదిహేడేళ్ళ వియత్నాం బాలిక. యుద్ధంలో తల్లిదండ్రులను పోగొట్టుకొంటుంది. ఒక అమెరికా సైనికుని ప్రేమిస్తుంది. 1975లో సైగాన్ నగరం పతనమైనప్పుడు అతడు వెళ్ళిపోతాడు. ఆమె కొడుకును కని, పెంచి, చివరకు వాడి భవిష్యత్తు కోసం ప్రాణమే విడిచిపెడుతుంది. ఈ పాత్ర కోసం వేలాదిమంది పోటీపడ్డారు. మినాకో కూడా వారిలో ఒకరుగా వరుసలో నిలబడి పాడింది. ఎంపికయింది.

ఇక్కడ మరొక వ్యక్తిని పరిచయం చేయాలి. ఆమె పేరు ఇవతాని తొకికో. 1916లో జన్మించిన ఈమె జపానులో ఎంతో గౌరవం పొందిన గీత రచయిత్రి. ‘మిస్ సైగాన్’ పాటలను జపాను భాషలోకి మార్చింది ఈమె. ఈ పని ఎంత కష్టమో ఒక్క మాటతో తెలుసుకోవచ్చు. ఆంగ్లంలో ‘ఐ’ అనడానికి ఒక్క స్వరం చాలు. తెలుగులో ‘నేను’ అనడానికి రెండు అక్షరాలు కావాలి. జపాను భాషలో ‘వతషి’ అనడానికి మూడు కావాలి. జపాను పాటలో సాధారణంగా ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క స్వరం పడుతుంది. స్వరాల సంఖ్య మార్చడానికి వీలులేదు. కాబట్టి ఆంగ్లంలో ఒక చరణం చెప్పిన మాటలన్నీ జపాను చరణంలో పట్టవు. మీకు తెలిసిన ఒక కన్నడ పాటనో, తమిళ పాటనో, ఒడియా పాటనో అదే వరుసలో తెలుగులో పాడుకునేటట్లు మార్చి చూడండి. ఏ మాట ఉంచాలో, ఏ మాట వదలాలో తేల్చుకోవడమే పెద్ద పని అని తెలుస్తుంది. తొకికో వదిలిన మాటల బరువంతా పాడేవారి గొంతు మీద పడుతుంది.

నాటకం 1992లో టోక్యోలోని ఇంపీరియల్ థియేటర్‌లో ప్రారంభమయింది. సుమారు 1900 మంది కూర్చునే శాల అది. మరుసటి ఏడాది సెప్టెంబరు దాకా, దాదాపు ఏడాదిన్నర పాటు ప్రదర్శనలు సాగాయి. ఒక్కరే రోజూ పాడితే గొంతు నిలవదు. అందువల్ల కిమ్ పాత్రకు ఒకరికంటె ఎక్కువ నటీమణులను సిద్ధం చేశారు. రికార్డింగు శాలలో పాట సరిగా రాకపోతే మళ్ళీ పాడవచ్చు. రంగస్థలం మీద అలా వీలులేదు. అంతేకాదు, నిన్న ఏడ్చినచోటనే ఈ రోజూ ఏడవాలి. అది మొదటిసారి ఏడ్చినట్లే ఉండాలి.

ఆ నాటకంలో వేదిక మీద బరువైన కట్టడాలు యంత్రాల సహాయంతో కదులుతుంటాయి. 1992లో ఒక ప్రదర్శనలో అలా కదిలే సామగ్రి చక్రం మినాకో పాదం మీద ఎక్కింది. కాలివేళ్ళ ఎముకలు విరిగాయి. ఆమె ఆ అంకం ముగిసేవరకు పాడి, తరువాతనే ఆసుపత్రికి వెళ్ళింది. ఈ సంగతిని జపానువారు మెచ్చుకొని చెప్పుకుంటారు. అటువంటప్పుడు ప్రదర్శన ఆపివేయడమే మంచిదని నాకనిపిస్తుంది. పిల్లలు దీనిని అనుకరించనక్కరలేదు. గాయం మానిన తరువాత ఆమె తిరిగి వచ్చి కిమ్ పాత్రను కొనసాగించింది.

ఆపైన ‘ఫిడ్లర్ ఆన్ ది రూఫ్’లో హోడెల్, ‘ది కింగ్ అండ్ ఐ’లో టప్టిమ్ పాత్రలు ధరించింది. 1997లో ‘లె మిజరాబ్ల్’లో ఎపొనీన్‌గా నటించింది. ప్రేమించినవాడు వేరొకరిని ప్రేమిస్తున్నాడని తెలిసి కూడా అతని ఉత్తరం మోసే పేదపిల్ల ఎపొనీన్. ఇవి పరస్పరం పోలికలేని పాత్రలు. వీటి కోసం ఆమె గొంతును మళ్ళీ మళ్ళీ దిద్దుకొంది. ఐడల్‌గా ఉన్నప్పుడు లేని హెచ్చుస్థాయి స్వరాలను సాధన చేసి, 2003లో పాశ్చాత్య శాస్త్రీయ గీతాలతో ‘ఆవే మరియా’ అన్న సంకలనం వెలువరించింది. అందులోని పాటలకు జపాను మాటలు కూర్చినది కూడా తొకికోయే.

2005 జనవరిలో మినాకోకు రక్త క్యాన్సర్ అని వైద్యులు తేల్చారు. ఆ ఏడాది ‘లె మిజరాబ్ల్’లో ఫాంటీన్ అనే తల్లి పాత్ర ఆమె వేయవలసి ఉంది. అది వేయలేకపోయింది. రోగం సోకకుండా ఆమెను ఇతరులకు దూరంగా ప్రత్యేకమైన గదిలో ఉంచారు. అదే ఏడు తొకికో కాలు విరిగి అదే ఆసుపత్రిలో చేరింది. ఒకే కప్పు కింద ఉన్నా ఇద్దరూ కలుసుకోవడానికి లేదు. అందుకని జేబులో పట్టే చిన్న రికార్డర్‌లో మాటలు నింపి ఒకరికొకరు పంపుకున్నారు. ఎనభై ఏళ్ళు దాటిన ఆ రచయిత్రిని మినాకో ‘అమ్మా’ అని పిలిచేది. ధైర్యం చెప్పడానికి తన గదిలో నుండే పాటలు పాడి ఆ రికార్డర్‌లో పంపేది. అక్కడ వాద్యాలు లేవు, వేదిక లేదు. వినేది ఒక్క మనిషి.

జులై నెలాఖరున కొద్దిరోజులు ఇంటికి వెళ్ళే ముందు ఆసుపత్రి సిబ్బంది ఎదుట ఆమె పాడింది. నవంబరు 6న, ముప్ఫై ఎనిమిదో ఏట మరణించింది. ఆమె పాడిన ‘అమేజింగ్ గ్రేస్’ గీతాన్ని మరుసటి ఏడాది ఎముక మజ్జ దానాన్ని ప్రోత్సహించే ప్రకటనలో జపాను టెలివిజన్‌లో వినిపించారు. అసాకా రైల్వే స్టేషన్ ఎదుట ఆమె స్మారక చిహ్నం ఉంది.

తొకికో 2013లో, తొంభై ఏడేళ్ళ వయస్సులో కన్నుమూసింది. ఇంపీరియల్ థియేటర్ భవనాన్ని తిరిగి కట్టడం కోసం 2025 ఫిబ్రవరిలో మూసివేశారు. పాత భవనంలో చివరగా ఆడిన సంగీత నాటకం ‘లె మిజరాబ్ల్’. ఎపొనీన్ పాత్రను వేరే అమ్మాయిలు ధరించారు. వారు పాడినవి తొకికో రాసిన మాటలే.