కోడిని కాచుటకు నక్కను చంపవలెనా?

పెరటిలో నాలుగు కోళ్లు పెంచుకొను ఇల్లాలికి వాని విలువ యెంతటిదో లెక్కలు వ్రాయువారికి సాధారణముగా తెలియదు. పంట డబ్బు అప్పులవారి చేతికి పోవచ్చును. పాల డబ్బు ఇంటి ఖర్చులలో కలసిపోవచ్చును. గ్రుడ్లమ్మిన డబ్బు మాత్రము ఆమె కొంగుముడిలో నుండును. పిల్లవాని పలక, పండుగనాటి గాజులు, జ్వరము వచ్చిననాటి మందుసీసా, అన్నియు ఆ ముడినుండియే వెడలును. పొదుగుచున్న పెట్ట ఒక రాత్రి మాయమైనచో దానితోపాటు పది పండ్రెండు పిల్లలును పోయినట్లే. “నక్కను చంపుట ధర్మమా?” యని పట్టణమున కూర్చుండి ప్రశ్నించువారు ముందుగా ఈ నష్టమును గుర్తింపవలెను.

మా శ్రోతలు వ్రాయు ఉత్తరములలో ఇదే ప్రశ్న మరియొక రూపమున వచ్చుచుండును. “ఏ మందు పెట్టవలెను?” అని వారడుగుదురు. మేము ఏ మందు పేరును చెప్పము. ఏల చెప్పమో ఇచట వివరింతుము.

మొదట దొంగ యెవరో తెలియవలెను. తెలుగునాట కోళ్లకు శత్రువులు పెక్కు కలవు. నేలమీద నక్క, గుంటనక్క, బావురుపిల్లి, ముంగిస, పునుగుపిల్లి. ఆకాశమునుండి గద్ద, డేగ. గ్రుడ్లకు పాము, ఉడుము, కాకి. ఇవి కాక, అడవితో నెట్టి సంబంధమును లేని ఊరకుక్కలును, పొరుగింటి పిల్లియును. తెల్లవారి పెరటిలో ఈకలు కనిపించినపుడు అందరును నక్క పేరే చెప్పుదురు. కుక్క పేరు చెప్పినచో దాని యజమానితో తగవు వచ్చును గదా! కోళ్లు పెక్కు చచ్చి, తినబడక, చెల్లాచెదరుగా పడియున్నచో అది తరచుగా కుక్క పని. కోడి పూర్తిగా మాయమై, ఈకలు కొంతదూరము వరకు రాలియున్నచో నక్కయో బావురుపిల్లియో అయియుండును. పట్టపగలు పిల్లలు ఒక్కటొక్కటిగా తగ్గుచున్నచో నేల వెదకుట మాని తలయెత్తి చూడవలెను. బిడ్డను పాము బారినుండి కాచిన ముంగిసను, విచారింపక చంపి వగచిన తల్లి కథను పంచతంత్రమున చదివినవారికి ఈ విచారణ అనవసరమని తోచదు.

దొంగ నిజముగా నక్కయే అనుకొందము. అది చేసిన నేరమేమి? క్రూరత్వమందుమా, ఆ కోడిని మనమును పండుగనాడు కోయించువారమే. దొంగతనమందుమా, ఇది నాది, అది నీది యను భేదము నక్కకు తెలియదు. కోడి పూర్వులైన అడవికోళ్లు చీకటిపడకమునుపే చెట్టెక్కి కొమ్మలమీద నిద్రించును. వానిని తెచ్చి, తరతరములుగా బరువు పెంచి, ఎగురు శక్తిని తగ్గించి, రాత్రివేళ సరిగా కన్నులు కానరాని ఆ పక్షిని తలుపులేని గంప క్రింద ఉంచినవారము మనము. ఒక ప్రాణిని మన ఉపయోగమునకై మన అండలోనికి తెచ్చుకొన్న యెడల దానిని కాచుట మన విధి. ఆ విధి నెరవేర్చిన పిమ్మటనే నక్కను చంపవచ్చునా యను ప్రశ్నకు తావున్నది. సక్రమముగా నెరవేర్చినచో ఆ ప్రశ్న చాలవరకు రానేరాదని మా యభిప్రాయము.

ఇక, చంపుటవలన కోళ్లు దక్కునా? నక్కలు ఒక్కొక్క ప్రదేశమును తమదిగా నేర్పరచుకొని తిరుగును. ఉన్నదానిని చంపినచో ఆ ఖాళీలోనికి మరియొకటి వచ్చును. గంప మాత్రము వెనుకటి గంపయే. దీనికంటె పెద్ద విషయము ఎలుకల సంగతి. బావురుపిల్లికి ముఖ్యాహారము కోడి కాదు, ఎలుక. రాజస్థానములోని సరిస్కా అడవిలో పరిశీలించినవారు ఒక్కొక్క బావురుపిల్లి దినమునకు మూడునుండి ఐదు ఎలుకలను తినునని అంచనా వేసిరి. వరిచేనిలో ఎలుక చేయు నష్టమెంతటిదో మన రైతులకు మేము చెప్పనక్కరలేదు.

ఈ లెక్కను నిజముగా వేసి చూచినవారు కలరు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమువారు 1885లో ఒక చట్టము చేసిరి. కోళ్లను కాచుటకై డేగలను, గుడ్లగూబలను, ముంగిసవంటి కొన్ని చిన్న మృగములను చంపి తెచ్చినవారికి తల కొక్కింటికి అర డాలరు బహుమానము. ఒకటిన్నర సంవత్సరములో సుమారు 90,000 డాలర్లు వ్యయమైనది. హార్ట్ మెర్రియమ్ అను ప్రభుత్వ శాస్త్రజ్ఞుడు లెక్క వేయగా, ఆ కాలములో డేగలును గుడ్లగూబలును చంపియుండు కోళ్ల విలువ 1,875 డాలర్లని తేలినది. అవి బ్రతికియున్నచో తినవలసిన ఎలుకలును పురుగులును మిగిలిపోయినందున వ్యవసాయమునకు కలిగిన నష్టమును గూడ చేర్చి చూడగా, మిగిల్చిన ఒక్కొక్క డాలరునకు 2,105 డాలర్లు పారవేసినట్లయినదని ఆయన ప్రకటించెను. ఆయన లెక్కలో కొంత ఊహ లేకపోలేదు. కాని అందులో పదియవ వంతు నిజమైనను ఆ బేరము బేరము కాదు.

విషము సంగతి వేరుగా చెప్పవలసియున్నది. విషము కలిపిన మాంసము ఎవరు తిందురో పెట్టినవానికి తెలియదు. తిన్న నక్క పొలముగట్టున చచ్చును. ఆ కళేబరమును కాకి తినును, గద్ద తినును, కావలికుక్క తినును. ఉచ్చులో పడిన జంతువు తెల్లవారువరకు పెనుగులాడుచునే యుండును. విద్యుత్తీగల మాట చెప్పనేల? అడవిపందులకై పెట్టిన తీగలకు మనుష్యులు బలియైన వార్తలు మన జిల్లాలలో వినుచునే యున్నాము.

చట్టమును గూడ తెలిసికొనుట మేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నక్క, బావురుపిల్లి, ముంగిస, ఉడుము మొదలగువానికి రక్షణ కల్పించినది. తన్ను గాని మరియొక మనుష్యుని గాని కాపాడుకొనుటకై సద్బుద్ధితో మృగమును చంపినచో నేరము కాదని ఆ చట్టమే చెప్పుచున్నది. ఆ మినహాయింపు కోడికి వర్తింపదు. అధికారుల అనుమతి లేక కోడికొరకు నక్కను చంపినవాడు శిక్షార్హుడు.

మరి కాచుట యెట్లు? గూటిని నేలకు రెండు మూడడుగుల ఎత్తున గుంజలపై కట్టవలెను. పొద్దుగూకకమునుపే కోళ్లను లోపలికి తోలి తలుపునకు గడియ వేయవలెను. బజారులో దొరకు పలుచని కోళ్ల జాలి కోడిని లోపల నిలుపగలదు గాని, కుక్కను బయట నిలుపలేదు; దాని పెద్ద కన్నులలోనుండి ముంగిస పిల్లయైనను దూరును. గట్టి తీగతో, అరయంగుళము కన్నులతో అతికిన జాలి వేయవలెను. గూడు నేలమీదనే కట్టవలసివచ్చినచో జాలిని అడుగు లోతున పాతి, అంచును బయటివైపునకు వంచినయెడల త్రవ్వివచ్చు జంతువు ఆగిపోవును. గద్దకు మందు పందిరి. బీర, ఆనప తీగలు అల్లుకొన్న పందిరి క్రింద పిల్లలు మేయుచున్నపుడు గద్దకు దిగుటకు చోటు చాలదు.

హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజ జాతిని చూడుడు. దాని రంగు రంగుల ఈకలు చెట్టుచేమల నడుమ కలిసిపోవును. పొడవైన కాళ్లు శత్రువు వచ్చినపుడు పరుగెత్తుటకు తోడ్పడును. పిల్లలను మొదటి ఆరు వారములు లోపలనే పెంచి తరువాత పెరటిలోనికి విడువవలెనని వారి సలహా. తెల్లని కోడి గద్దకు దూరమునుండియే కనబడును.

అయితే గట్టి జాలికిని, గడియగల తలుపునకును డబ్బు కావలెను. నాలుగు కోళ్ల ఇల్లాలికి అది చిన్న మొత్తము కాదు. పులి ఎద్దును చంపినచో పరిహారము కోరువారు కలరు. నక్క ఎత్తుకొనిపోయిన కోడికై కచేరీ మెట్లెక్కినవారిని మేమెరుగము. నక్కలు బ్రతికియుండుటవలన ఊరంతటికిని లాభము, కోడి పోవుటవలన ఒక్క ఇంటికే నష్టము. ఆ నష్టమును ఆమె యొక్కతెయే భరింపవలెననుట న్యాయము కాదు. పెరటి పెంపకమునకై కోడిపిల్లలను పంచువారు, వానితోపాటు గడియగల గూటిని గూడ ఇచ్చుట అవసరము. నాటుకోడి గ్రుడ్డును ఏరికోరి కొను పట్టణవాసులము ఒక రూపాయి ఎక్కువ యిచ్చుటకు వెనుదీయరాదు. మహిళా పొదుపు సంఘములు తమ సభ్యులకు గేదె కొనుటకు అప్పిచ్చునట్లే గూటికిని ఇయ్యవచ్చును. గూడు గేదెవలె వట్టిపోదు.