గోరిమేడులో పెంతెకొస్తు

మాది యానాం. ఉద్యోగరీత్యా పుదుచ్చేరిలోని గోరిమేడులో, జిప్మర్ ఆసుపత్రి దగ్గర ఉంటున్నాం. ఈస్టర్ తర్వాత ఏడో ఆదివారం మాకు పెంతెకొస్తు, పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజు. యూదులకు అది అంతకుముందు నుంచీ గోధుమ కోతల పండుగ. కొత్త పిండిని పులియబెట్టి కాల్చిన రెండు రొట్టెలు దేవుడికి అర్పించేవారు. ఆ పండుగకు యెరూషలేము చేరిన జనం శిష్యుల మాటలు ఎవరి భాషలో వారు విన్నారని, సుమారు 3,000 మంది బాప్తిస్మం పొందారని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం చెబుతుంది. అదే సంఘానికి తొలి పంట. తమిళం, తెలుగు, మలయాళం కలగలిసే జిప్మర్ ఓపీ వరుసలో నిలబడితే ఆ సందడి ఇట్టే అర్థమవుతుంది.

లేవీయకాండం 23వ అధ్యాయంలో ఈ పండుగ వెంటనే ఇంకో ఆజ్ఞ ఉంది: పొలం అంచులు కోయక పేదలకు, పరదేశులకు వదలాలి. మన ప్రసంగాలు దాన్ని దాటేస్తాయి. మన చర్చి కోత పండుగలో గుమ్మడికాయ వేలంపాట మాత్రం మహా హుషారు! ఈసారి ఆ డబ్బులో కొంత, ఊరుకాని ఊరొచ్చిన రోగుల భోజనానికి తీసిపెట్టండి.